టీ గ్లాసుల్లో సూపు

కళ్లజోళ్ల దుకాణం, అద్దాల బల్ల వెనక నుంచి
జనవరి మొదటి వారం

వదినకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఆ, చెప్పు" అంటావు, నేను చెప్పబోయేలోగా పొయ్యి మీద ఏదో మాడుతోందని పెట్టేస్తావు. రెండేళ్లుగా మీ ఇంట్లో అదే కూర మాడుతోంది. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేసినా మళ్లీ తీసి చదువుతావని నాకు తెలుసు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మార్చి రెండో ఆదివారానికి మా పెళ్లయి పాతికేళ్లు. మధ్యాహ్నం భోజనాలు, నలభై మంది. నువ్వూ అన్నయ్యా రావాలి. నువ్వు రాకపోతే అన్నయ్య ఎలాగూ కదలడు, అన్నయ్య లేని ఫొటో నాకొద్దు. కొత్తింట్లో మొదటి భోజనాల రోజున గుమ్మం దిగి వెళ్లినదానివి, మళ్లీ ఇటు తొంగి చూడలేదు. రెండేళ్లు చాలదా?

ఈసారి ఏర్పాట్లు ఎలా ఉంటాయో వింటే నువ్వే పరిగెత్తుకుని వస్తావు. మా ఆయన పనిచేసే లిఫ్టుల కంపెనీవాళ్లు ఏటా సెలవులకి ముందు ఒక పార్టీ ఇస్తారు కదా. ఏటా అట్టపెట్టెలో రెండు చల్లారిన ముక్కలు పెట్టి చేతికిచ్చి పంపేవారు. ఈసారి ఎవరో పొరుగూరి భోజనాలవాళ్లని పిలిపించారు. ఏం వడ్డన వదినా అది! సూపు గిన్నెల్లో కాదు, బుల్లి టీ గ్లాసుల్లో. ముక్కలకి ఫోర్కుల్లేవు, అన్నీ పుల్లలకి గుచ్చి నిలబెట్టారు. బల్లలు ఒకే ఎత్తున లేవు, ఒకటి మోకాలి దాకా, ఒకటి గుండె దాకా, అన్నిటి మీదా తెల్లబట్ట. ఒక పక్కంతా లైట్లు తీసేసి కొవ్వొత్తులు పెట్టారు. అన్నిటికన్నా ముందు తీపి పెట్టారు. కేకు తిన్నాక ముప్పావు గంటకి కూర. టై గారు ఉన్నారే, ఎండాకాలంలో కూడా టై విప్పని వాళ్ల పెద్ద మేనేజరు, ఆయన సూపు తాగిన గ్లాసు జేబులో వేసుకోబోయాడంటే చూసుకో.

ఇక ఆ వడ్డించే పొడుగాయన. ఒక చేతిలో పళ్లెం, రెండో చెయ్యి నడుం వెనక. ఎవరికీ వీపు చూపించడు. గోడ వెంట పక్కకి పక్కకి జరుగుతూ రాజుల కొలువులో ఉన్నట్టు వడ్డించాడు. సాయంత్రమంతా ఆ చెయ్యి ముందుకి రాలేదు.

ఇదంతా ఎవరు చేయిస్తున్నారో చూద్దామని వంటవాళ్లు తెర కట్టుకున్న చోటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆ పొడుగాయన అడ్డం నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లుగా కళ్లజోళ్లు సరిచేస్తున్నదాన్ని, ఎదుటివాళ్ల ముక్కు మీద గోరంత వంకర కూడా నా కంట పడుతుంది. అక్కడ చూసినవన్నీ ఇంటికొచ్చి కాగితం మీద రాసుకున్నాను. అన్నీ మార్చిలో దింపేస్తాను.

అమ్మ గరిటె బాగుందా? నాన్న పిడికి చుట్టిన రాగితీగ ఊడిపోలేదు కదా?

మీ ఆడపడుచు
చిట్టి


ఇల్లు
జనవరి మూడో వారం

చిట్టికి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం.

సూపు టీ గ్లాసుల్లో పొయ్యకు, వేళ్లు కాలతాయి. తీపి ముందు పెట్టకు. మార్చిలో పని ఉంది, రావడం కుదరదు. గరిటె గరిటెలాగే ఉంది.

మీ వదిన


ముందు గది, చెక్కపెట్టెల మధ్య నుంచి
ఫిబ్రవరి మొదట్లో

వదినకి,

నీ ఉత్తరం ఎంత పొడుగుందంటే, కవరు విప్పడానికి పట్టిన టైము కూడా చదవడానికి పట్టలేదు. అయినా పర్వాలేదు, రాశావు. కుదరదు అన్న ముక్క నాకు సరిగ్గా కనపడలేదు, సిరా పలచగా ఉంది.

నిన్న ఆదివారం రిహార్సల్ వేశాం. కూరగాయల దుకాణం నుంచి ఖాళీ చెక్కపెట్టెలు తొమ్మిది తెచ్చి, బట్ట కప్పి, ఎత్తుపల్లాలు కట్టాను. ఖాళీ అనుకున్నవాటిలో ఒకదాంట్లో క్యాబేజీ ఉంది. ఎప్పటిదో ఏమో, బట్ట కప్పాక దాని ఉనికి తెలిసింది. వంద కొవ్వొత్తులు తెచ్చాను. వీధి చివర టీ కొట్టాయన్ని అరవై గ్లాసులు అడిగితే, ఇంట్లో ఎవరైనా పోయారా అని గొంతు తగ్గించి అడిగాడు. పెళ్లిరోజు అంటే నమ్మలేదు.

మా ఆయనకి పొడుగాయన నడక నేర్పుతున్నాను. కుడిచేతిలో పళ్లెం, ఎడంచెయ్యి నడుం వెనక, వీపు గోడకి. మొదట ససేమిరా అన్నారు. పాతికేళ్లలో ఒక్క కోరిక కోరాను అన్నాక ఒప్పుకున్నారు. ఒక్కటే అని ఎలా నోరొచ్చిందో అని గొణిగారనుకో. నడక బాగానే కుదిరింది గానీ, గోడ వెంట జరుగుతూ జరుగుతూ మీరిచ్చిన నిలువుటద్దాన్ని భుజంతో మోసుకెళ్లిపోయారు. అద్దం పగల్లేదు, మేకు ఊడింది. అద్దం మొహం గోడకి తిప్పి పెట్టాం.

తీపి ముందు పెడితే ఎలా ఉంటుందో చూద్దామని పై అంతస్తు టీచరమ్మని భోజనానికి పిలిచాను. కేకు తిన్నది. బాగుందమ్మా అన్నది. లేచి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. నేను వేడి కూరగిన్నె పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీ. మెట్ల మీద కేకేస్తే, ఏమ్మా, ఇంకా ఏమైనా ఉందా అని అడుగుతుంది. అరగంట ముందు నా మొహాన కేకు ముక్క ఒక్కటి పడేసి భోజనం అన్నదేమిటా అని పాపం లోపల ఎంత అనుకుందో.

ఆ పార్టీలో ముప్పావు గంట ఎడం ఉన్నా ఒక్కరూ లేచి వెళ్లలేదు. వాళ్లు జనాన్ని ఎలా ఆపారో నాకు అంతుపట్టడం లేదు. నీకేమైనా తెలుసా?

చిట్టి


ఇల్లు
ఫిబ్రవరి రెండో వారం

చిట్టికి,

నాకెలా తెలుస్తుంది? తలుపు దగ్గర కోట్లు తీసుకుని దాచి ఉంటారు. కోటు లేకుండా చలిలో ఎవరు వెళ్తారు. నా ఊహ చెప్తున్నాను.

అన్నయ్యగారిని గోడకి దూరంగా, రెండు చేతులూ ముందుపెట్టుకుని, మనిషిలా నడవమను. ఆ పొడుగాయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నది షోకుకి అయ్యుండదు. ఇదీ ఊహే. కొవ్వొత్తులు తెల్లబట్ట దగ్గర పెట్టకు, ఇల్లు తగలబడుతుంది. పుల్లకి గుచ్చిన బంగాళాదుంప సగం కొరికేసరికి మిగతా సగం ఒళ్లో పడుతుంది. ఫోర్కులు పెట్టు. ఫోర్కు కనిపెట్టినవాడు వెర్రివాడు కాదు.

అయినా నన్నెందుకు అడుగుతావు చిట్టీ? మీ కొత్తింట్లో ఆ రోజు పొద్దున నుంచి నిలబడి నలభై మందికీ వండాను. కూర వడ్డిస్తూ వచ్చాను, మీ టై గారి దాకా వచ్చేసరికి గిన్నె అడుగు తగిలింది. తప్పే. కాదనను. నువ్వు వచ్చి నా చేతిలో గరిటె లాక్కుని, "మా వదిన చెయ్యి వంటకే పనికొస్తుంది, వడ్డనకి కాదు" అన్నావు. అందరూ నవ్వారు. మీ అన్నయ్య కూడా నవ్వాడు, ఆయనకి దానికి శిక్ష వేరే పడిందిలే. వడ్డన తెలియనిదాన్ని ఇప్పుడు వడ్డన గురించి అడగడం దేనికి?

మీ వదిన


కళ్లజోళ్ల దుకాణం
ఫిబ్రవరి మూడో వారం

వదినకి,

అబ్బా, అది ఇంకా గుర్తుపెట్టుకున్నావా? ఏదో కంగారులో నోరు జారింది. టై గారి ఖాళీ పళ్లెం చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, ఆ నెలలోనే మా ఆయన ప్రమోషన్. పైగా నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను చూసి. గరిటె లాక్కున్న ఊపులో అందులో ఉన్న కాస్త కూర పులుసూ నా మీదే పడింది కదా. సరేలే, ఆ సంగతి వదిలేయి.

నాకొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మా ఆయన వల్ల ఈ జన్మకి ఆ నడక కాదు. ఆ పార్టీ చేసినవాళ్లనే పిలిచేస్తే? హాలు మేనేజరుని బతిమాలి అడ్రసు సంపాదించాను. ఈ ఉత్తరంతో పాటే వాళ్లకీ ఒకటి పోస్టు చేస్తున్నాను. వాళ్లది మీ ఊరే. ఎంత చిత్రమో చూడు. నువ్వెప్పుడైనా వాళ్ల పేరు విన్నావా?

వాళ్లు ఒప్పుకుంటే నువ్వు వంటింటి వైపు కూడా రానక్కర్లేదు. వచ్చి కూర్చుని తినడమే.

చిట్టి


కళ్లజోళ్ల దుకాణం
అదే రోజు

భోజనాల ఏర్పాట్ల సంస్థ యజమానులకి,

ఆర్యా,

గత డిసెంబరులో లిఫ్టుల కంపెనీ వారి సెలవుల పార్టీకి తమరు చేసిన వడ్డన చూసి ముగ్ధురాలినై ఈ ఉత్తరం రాస్తున్నాను. మార్చి రెండో ఆదివారం మా ఇంట్లో జరగబోయే నలభై మంది భోజనాలకి తమ సేవలు కోరుతున్నాను.

ఆ రోజు చేసినవన్నీ, ఒక్కటీ తగ్గకుండా, మా ఇంట్లోనూ చెయ్యాలని మనవి. సూపు విధిగా టీ గ్లాసుల్లోనే ఉండాలి. బల్లల ఎత్తుపల్లాలు అలాగే ఉండాలి. తీపికీ కూరకీ మధ్య ముప్పావు గంటకి తక్కువ ఎడం ఉండకూడదు. వడ్డన జరిగే పక్క చీకటి చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, చెయ్యి వెనక్కి పెట్టుకుని వడ్డించే ఆ పొడుగాటి పెద్దమనిషిని తప్పక పంపాలి. ఆయనకి ఆ రోజు వీలు కాకపోతే భోజనాల తేదీ మార్చుకోవడానికి కూడా నేను సిద్ధం. పెళ్లి మాత్రం పాతికేళ్ల కిందటే అయిపోయింది కాబట్టి ఆ తేదీ మార్చలేను.

ఇక పుట్టగొడుగుల కూర. అంత బాగా వండే చెయ్యి నాకు తెలిసి లోకంలో ఇంకొక్కటే ఉంది. ఆ చెయ్యి వాళ్లు నా మీద కోపంగా ఉన్నారు. అందుచేత తమ కూరే దిక్కు.

ఇట్లు
విధేయురాలు


కారు షెడ్డు, పెద్ద పొయ్యి పక్క నుంచి
ఫిబ్రవరి ఆఖరు

ఆర్యురాలికి,

తమ ఉత్తరం అందింది. మా సంస్థ మీద తమరు చూపిన అభిమానానికి కృతజ్ఞులం. అయితే తమరు కోరిన సేవలు మళ్లీ అందించలేమని తెలియజేయడానికి చింతిస్తున్నాం. కారణాలు చిత్తగించవలెను.

సూపు టీ గ్లాసుల్లో పోసినది గిన్నెల పెట్టె ఇంటి దగ్గరే మర్చిపోయినందువల్ల. వ్యానులోకి సామాను ఎక్కించినది మా సంస్థ భాగస్వామి, అనగా యజమానురాలి భర్త. ఫోర్కులు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. గ్లాసులు ఎదురు కొట్టులో చేబదులు తెచ్చాం, పుల్లలు మందుల షాపువాళ్లు ఇచ్చారు. హాలువాళ్లు ఇచ్చిన బల్లల్లో రెండింటికి కాళ్లు విరిగి ఉన్నాయి, అందుకని కూరగాయలు తెచ్చిన పెట్టెలే బోర్లించి బట్ట కప్పాం. కూర వేడి చేసే ప్లేటు తగిలించగానే ఆ పక్క ఫ్యూజు ఎగిరింది, అందుకని కొవ్వొత్తులు. కూర సగం ఉడికాక గ్యాసు అయిపోయింది, అందుకని కేకు ముందు పంపించి, కొత్త సిలిండరు వచ్చేదాకా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాం.

ఇక ఆ పొడుగాటి పెద్దమనిషి. మా దగ్గరికి రాకముందు ఆయన ఇరవై ఏళ్లు బస్సు కండక్టరు. మొదటి పళ్లెం తీసుకోవడానికి వంగినప్పుడు ఆయన ప్యాంటు వెనక కుట్టు పైనుంచి కింద దాకా విడిపోయింది. చెయ్యి వెనక్కి పెట్టినది అందుకు. గోడ వెంట నడిచినది అందుకు. సాయంత్రమంతా ఆ చెయ్యి ముందుకి రాకపోవడం తమ అదృష్టం.

ఇక నా వల్ల కాదు, చిట్టీ. ఈ ఆర్యా గీర్యా చాలు. నేనే. ఏడాదిన్నరగా మీ అన్నయ్యా నేనూ కారు షెడ్డులో పొయ్యిలు పెట్టి ఈ పని చేస్తున్నాం. నువ్వన్న ఆ మాట నా చెవిలో మోగుతూనే ఉంది. వడ్డన నేర్చుకునే తీరతాను, నీ నోటితోనే బాగుందనిపించుకున్నాక చెప్తాను అని పంతం పట్టాను. ఆ పార్టీ మీ ఆయన కంపెనీదని హాలుకి వచ్చేదాకా తెలియదు. తెర పక్కనుంచి చూస్తే నువ్వు, నీలం శాలువాలో, సూపు గ్లాసు ఎత్తి వెలుగులో చూస్తున్నావు. తెర లాగేసి, నిన్ను ఇటు రానివ్వొద్దని కండక్టరుగారిని కాపలా పెట్టాను. మీ ఊరికి వచ్చి మీ ఇంటికి రాకుండా పోయాను. ఆ తప్పు తల్చుకుంటే నాకే సిగ్గుగా ఉంది.

చివరికి నువ్వు పొగడనే పొగిడావు. ఏమని పొగిడావు? గ్యాసు అయిపోవడాన్ని, ఫ్యూజు పోవడాన్ని, ప్యాంటు చిరగడాన్ని. నేను ఆరు నెలలు నేర్చుకుని చేసిన పని ఒక్కటీ నీ కంట పడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియక నీ ఉత్తరం మా కండక్టరుగారికి చదివి వినిపించాను. ఆయన మాత్రం చాలా సంతోషించారు.

మీ వదిన


వంటింటి బల్ల మీద నుంచి
మార్చి ఒకటో తారీకు

వదినా,

ప్యాంటా? మా ఆయన నెల రోజులుగా గోడ వెంట నడుస్తున్నారు వదినా. ఇప్పుడు ఆఫీసులో కూడా అలాగే నడుస్తున్నారట. నడుం పట్టేసిందని టై గారు నూనె సీసా ఇచ్చి పంపారు.

ఇప్పుడు నేను చెప్పేది విను. అది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు.

ఆ పొడుగాయన పళ్లెం మీద కూర పాత్ర పెట్టుకుని వచ్చినప్పుడు అందులో ఉన్న గరిటె చూశాను. పిడికి రాగితీగ, చివర నాన్న వేసిన మెలిక. ముక్కు మీద గోరంత వంకర కనిపించేదాన్ని, అమ్మ గరిటె గుర్తుపట్టనా? కూర నోట్లో పెట్టుకున్నాక ఇంకేం అనుమానం మిగలలేదు. రెండుసార్లు తెర దాకా వచ్చాను. పొడుగాయన అడ్డం నిలబడితే తోసుకుని రాగలను, రాలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని రాను? గరిటె లాక్కున్నది నేను.

ఊళ్లోకి వచ్చి ఇంటికి రాలేదని ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే, రానివ్వకుండా చేసింది నేనే కదా అనిపించింది. తప్పయింది అని రాయడానికి కూర్చుంటే చెయ్యి కదలదు, పొగడ్త అయితే పేజీలు పేజీలు వచ్చేస్తుంది. అందుకని పొగిడాను. ఏదో ఒక ఉత్తరంలో అది నేనే అంటావు, అప్పుడు నేను సారీ అనొచ్చు అని చూశాను. నువ్వా, సిరా అయిపోతుందన్నట్టు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావు. చివరికి కంపెనీకి రాస్తే గానీ కదల్లేదు.

పొగిడినవి మాత్రం నిజంగానే నచ్చి పొగిడాను. అవన్నీ ప్రమాదాలని నాకేం తెలుసు? నువ్వేదో చదువుకుని చేస్తున్నావనుకున్నాను.

ఆ రోజు నేనన్న మాట తప్పు వదినా. గరిటె లాక్కోవడం ఇంకా పెద్ద తప్పు. రా.

చిట్టి


షెడ్డు
మార్చి మొదటి వారం

చిట్టికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అన్నయ్య నాలుగుసార్లు చదివి, నేను మూడుసార్లే చదివానని దెప్పుతున్నాడు.

వస్తాను. కానీ ఒక మాట. నువ్వు నన్ను అన్నది నలభై మంది ముందు. తప్పయింది అన్నది కవరులో పెట్టి, గమ్ము అంటించి. ఆ రెండిటికీ పొంతన లేదు. నిన్ను ఏమీ అడగను, అడిగించుకుని అనే మాటలో పస ఉండదు. నేను వండుతాను, తెర వెనకే ఉంటాను, హాల్లోకి రాను. వడ్డన కండక్టరుగారు చూసుకుంటారు. ఈసారి గిన్నెల పెట్టె నేనే ఎక్కిస్తాను. ఆయన ప్యాంటు నేనే కుట్టాను, రెండు వరసలు.

ఆ పెట్టెలూ కొవ్వొత్తులూ తీసేయి. క్యాబేజీ ఎప్పుడో పారేసి ఉంటావనుకుంటాను.

మీ వదిన


ముందు గది, అద్దం ఎదుట నుంచి
మార్చి మూడో వారం

వదినకి,

మీ వ్యాను సందు తిరిగి రెండు రోజులైంది, ఇల్లు బోసిగా ఉంది. నువ్వు సగం సేపు తెర వెనకే ఉన్నావు కాబట్టి ముందు వైపు ఏం జరిగిందో నీకు తెలియాలి.

అన్నీ పద్ధతిగా పెట్టావు కదా, గిన్నెలు, ఫోర్కులు, ఒకే ఎత్తు బల్లలు. టై గారు వచ్చి నలువైపులా చూసి, మొహం చిన్నబుచ్చుకుని, టీ గ్లాసులు లేవా అని అడిగారు. లిఫ్టు కంపెనీ వాళ్లంతా అదే అడగడం. లైట్లు ఎప్పుడు తీస్తారు అని ఒకావిడ. టీచరమ్మ కుర్చీకి అతుక్కుని కూర్చుని, ఈసారి ఏమైనా సరే లేవను అని పక్కవాళ్లకి చెప్తోంది. కండక్టరుగారు రెండు చేతులూ ముందుకి పెట్టుకుని రాగానే, అయ్యో, ఆయనకి ఏమైంది అన్నారు. పాపం, ఆయన వెనక్కి తిరిగి నీ కుట్టు తడుముకుని చూసుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. హాలంతా చప్పట్లు. మా ఆయన ఎవరూ అడక్కుండానే ఇంకో పళ్లెం తీసుకుని గోడ వెంట బయల్దేరారు. ఇన్ని వారాలుగా రాని నడక అప్పుడొచ్చింది.

అప్పుడు అందరూ నా చుట్టూ చేరి, ఈ వడ్డన ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగారు. అందుకే పెట్టె ఎక్కాను. ఎక్కడిదని అడక్కు, ఒక్క పెట్టె దాచాను. నేను మాట్లాడింది నువ్వు విన్నావో లేదో. "రెండేళ్ల కింద ఇదే హాల్లో మా వదిన చేతిలో గరిటె లాక్కుని వడ్డన రాదన్నాను. తప్పు నాది. మీరు మెచ్చుకుంటున్నదంతా ఆవిడదే." ఇంతే అన్నాను. ఎవరూ నవ్వలేదు. కండక్టరుగారి పళ్లెంలోంచి గరిటె తీసుకుని దిగబోతుంటే పెట్టె పలక విరిగి, కాలు లోపల ఇరుక్కుంది. ఆ పెట్టెతోనే తెర దాకా వచ్చాను. నువ్వు విన్న టకటక చప్పుడు అదే.

తెర తీసి గరిటె నీ చేతిలో పెట్టినప్పుడు నీ మొహం నాకు జీవితాంతం గుర్తుంటుంది. నువ్వు హాల్లోకి వచ్చి వరసగా వడ్డిస్తుంటే నేను మా ఆయన పక్కన కూర్చుని చూశాను. ఇక పుట్టగొడుగుల కూర సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండుసార్లు వేయించుకున్నాను, ఇప్పటికీ ఆ రుచి నాలిక మీదే ఉంది.

ఫొటోలు పంపుతున్నాను. అన్నయ్య అన్నిటిలోనూ కళ్లు మూసుకున్నాడు.

చిట్టి


షెడ్డు
మార్చి ఆఖరు

చిట్టికి,

ఫొటోలు అందాయి. మీ అన్నయ్య కళ్లు మూసుకోలేదు, తుడుచుకుంటున్నాడు. ఉల్లిపాయలు అంటాడు. ఆ రోజు ఉల్లిపాయలు కోసింది నేను, అదీ పొద్దున ఏడింటికి.

టై గారి కంపెనీ నుంచి, టీచరమ్మ స్కూలు నుంచి పిలుపులు వచ్చాయి. ఇద్దరూ టీ గ్లాసులు, చెయ్యి వెనక్కి అని ప్రత్యేకంగా రాశారు. కండక్టరుగారికి కుడిచేతివాటం కాబట్టి ఎడంచెయ్యి వెనక్కే ఉంటుందని, అది మా సంస్థ పద్ధతి అని నేనూ గంభీరంగా జవాబు రాశాను.

ఇక నీ ఉత్తరంలో ఒక్క ముక్క అబద్ధం ఉంది. కూర రెండుసార్లు వేయించుకున్నావా? నువ్వు కూర్చున్నది వరస చివర. నేను టై గారికి భయపడి ఆయన వైపు నుంచి మొదలుపెట్టి, అందరికీ గరిటె నిండా వేసుకుంటూ వచ్చాను. నీ దగ్గరికి వచ్చేసరికి గరిటె గిన్నె అడుగుకి తగిలింది. ఆ చప్పుడు నాకు వినపడింది, నీకూ వినపడింది. నేను నిలువునా నీరైపోయి ఖాళీ గరిటె నీ పళ్లెంలోకి వంచాను. నువ్వు తలెత్తి నా వంక చూసి, "చాలు వదినా, ఎక్కువ వెయ్యకు" అన్నావు. ఒట్టి రొట్టె తుంచుకుని, కూరలో ముంచుకున్నట్టు ముంచుకుని తిన్నావు. మీ ఆయన అటు తిరిగి నవ్వు ఆపుకోవడం కూడా చూశాను.

నువ్వు రెండేళ్ల కింద అన్నది నిజమే చిట్టీ. నాకు వంట వచ్చు, వడ్డన రాదు. ఇక రాదు కూడా. ఆ మాట నా అంతట నేను చెప్పుకుంటే ఏం బాధగా లేదు, నవ్వొస్తోంది.

వచ్చే ఆదివారం అన్నయ్యగారిని తీసుకుని రా. గిన్నెడు పుట్టగొడుగుల కూర నీ ఒక్కదానికే వండుతాను. గరిటె బల్ల మీద పెడతాను, నీ చేత్తో నువ్వే వడ్డించుకో.

మీ వదిన